కొన్న బిల్లు

మనవడి హాస్టల్ ఫీజుకు తొమ్మిది వేలు తక్కువ పడ్డాయి. ఆ డబ్బు నేనిస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "అప్పు కావాల్నంటె ఊర్లనే దొరుకుతది బిడ్డా. నాకు చీరె ఉన్నది. ఇగ నేను కట్టేది లేదు, పెట్టెల పెట్టి ఏంజేస్త? నీ ఫోన్ల అమ్ముతరంటగద, అమ్మిపెట్టు" అంది.

భూదాన్ పోచంపల్లిలో వాళ్లది రెండు మగ్గాల ఇల్లు. ఇప్పుడు ఒకటే ఆడుతోంది. పెద్దనాన్న ఊహ తెలిసినప్పటి నుంచీ మాస్టర్ వీవర్ల దగ్గర కూలికి నేస్తున్నాడు. పట్టు వాళ్లది, రంగు వాళ్లది, డిజైను వాళ్లది. చీర మగ్గం దిగగానే షావుకారు ఇంటికి పోతుంది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో సొంతానికి నేసుకున్న పట్టుచీర ఒక్కటే. కూతురి పెళ్లిలో పెద్దమ్మ కట్టుకోవడానికని నేశారు. నీలం చీర, మెరూన్ అంచు, కొంగు నిండా ఏనుగులూ చిలుకలూ. రెండుసార్లు కట్టి, పాత ధోవతిలో చుట్టి, ట్రంకుపెట్టెలో అడుగున దాచింది.

మగ్గం మీద కూర్చున్నది పెద్దనాన్నే అయినా ఆ చీరలో పెద్దమ్మ పని అంతకంతా ఉంది. ఇక్కత్ చీర మొదలయ్యేది మగ్గం మీద కాదు, దారం దగ్గర. పేక దారాన్ని ముందు ఆసు పోయాలి. ఒక పక్కన ఒక్క మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఆ మేకు నుంచి ఈ మేకుకు తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలంటారు. తన తల్లి భుజాల నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పెద్దమ్మ ఇంటికి వచ్చేనాటికే ఆమె కుడి భుజం పైకి లేవడం మానేసింది.

ఆసు పోయడం అయ్యాక చిటికి కట్టాలి. గ్రాఫు కాగితం మీది డిజైను చూసుకుంటూ దారం మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పీలికలతో బిగించాలి. పాత సైకిల్ ట్యూబులను సన్నగా కోసిన పీలికలు అవి. కట్టాక రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, కొన్ని కట్లు విప్పాలి, మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఇదంతా. ఏళ్ల తరబడి పీలికలు లాగి బిగించీ బిగించీ పెద్దమ్మ ఎడమ చూపుడు వేలి మీద, పై కణుపు దగ్గర, అడ్డంగా ఒక గాడి పడింది. ఆ గాడిలో గోరు పెడితే నిలబడుతుంది.

మగ్గం గది గుమ్మం దగ్గర వెలుతురు బాగుంటుందని అక్కడే చీర పరిచి ఫోటోలు తీశాను. మొదట తీసినవి చూసి పెద్దమ్మ పెదవి విరిచింది.

"ముంగటి దిక్కు ఎవడైన అద్దుతడు బిడ్డా. ఎనక దిక్కు తియ్యి. అప్పుడు తెలుస్తది."

తానే వచ్చి ఎడమ చేత్తో కొంగు మడత తిప్పి పట్టుకుంది. సగం ముందువైపు, సగం వెనకవైపు. రెండు వైపులా ఒకే ఏనుగు, ఒకే నీలం. అదే ఇక్కత్‌కు గుర్తు. నేయకముందే దారంలోకి దిగిన రంగు కాబట్టి రెండు వైపులా సమానంగా ఉంటుంది. కట్టు కిందికి రంగు కొద్దిగా పాకడం వల్ల బొమ్మ అంచులు గీత గీసినట్టు ఉండవు, కాస్త చెదిరినట్టు ఉంటాయి. గుడ్డ మీద అద్దిన ప్రింటుకు ఈ రెండూ రావు. దాని అంచులు పదునుగా ఉంటాయి, తిప్పితే వెనక వెలిసిపోయి కనిపిస్తుంది.

ఆ ఫోటోలో ఆమె చెయ్యి కూడా పడింది. ఆకుపచ్చ గాజులు, అందులో ఒక గాజుకు తగిలించిన రెండు పిన్నీసులు, మడత మీద ఆనించిన చూపుడు వేలు, వేలి మీద గాడి. చెయ్యి తీసేస్తే మడత నిలవడం లేదు. అందుకని అలాగే ఉంచాను.

వాడిన వస్తువులు అమ్మిపెట్టే ఒక యాప్‌లో మనవడు పెద్దమ్మ పేరు మీద, ఆమె ఫోన్ నంబరుతో ఖాతా తెరిచాడు. వివరాలు నేను రాశాను. పోచంపల్లి ఇక్కత్ పట్టుచీర, చేనేత, రెండుసార్లు కట్టినది, వెల 9,000 రూపాయలు. ఆ సాయంత్రమే వరంగల్ నుంచి ఒకావిడ అడిగింది. బేరం కూడా పెద్దగా ఆడలేదు. వెనకవైపు ఫోటో చూశాక నమ్మకం కలిగిందనీ, పొద్దున్నే డబ్బు కడతాననీ రాసింది. పెద్దమ్మ చీరకు అగరుబత్తి పొగ చూపించి, కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచింది.

తెల్లారేసరికి ప్రకటన లేదు. ఫోనుకు వచ్చిన సందేశాన్ని మనవడు చదివాడు. "మీరు అమ్మకానికి పెట్టిన వస్తువు నకిలీ అని హక్కుదారు ఫిర్యాదు చేశారు. ప్రకటనను తొలగించాం. ఇది మరోసారి జరిగితే మీ ఖాతా మూసివేస్తాం." హక్కుదారు అంటూ కింద ఒక దుకాణం పేరు ఇచ్చారు. ఆ పేరులో పోచంపల్లి అన్న మాట ఉంది. పోచంపల్లిలో మాత్రం ఆ పేరు ఎవరూ విని ఎరగరు.

"నకిలీ అంటె?" అని అడిగింది పెద్దమ్మ, వినపడక కాదు. పిల్లవాడు మళ్లీ చదివాడు. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది.

కొనబోయిన వరంగల్ ఆవిడకూ యాప్ వాళ్లు సందేశం పంపినట్టున్నారు. ఆమె రాసింది పిల్లవాడు పైకి చదవలేకపోయాడు. పెద్దమ్మే ఫోను నా చేతికిచ్చి చదవమంది. "ముసలామె చెయ్యి చూపించి దొంగ సరుకు అంటగడతారా? మీ ఇంట్లో ఆడవాళ్లు లేరా?" ఆ మాటలు నేనూ పూర్తిగా చదవలేదు.

అప్పీలు పెట్టాం. కొన్న బిల్లు జతచేయమన్నారు.

"నేసినోల్లకు బిల్లు ఎవరిస్తరు బిడ్డా?" అంది పెద్దమ్మ.

అదే తెలుగులో, ఇంగ్లిష్‌లో రాశాను. చీర కొన్నది కాదనీ, అమ్ముతున్నామె భర్తతో కలిసి నేసుకున్నదనీ వివరించాను. పెద్దనాన్న అటక మీంచి పాత గ్రాఫు కాగితం దింపాడు. మడతల దగ్గర చిరిగింది, రంగు మరకలు పడ్డాయి. గళ్లలో పెన్సిలుతో నింపిన ఏనుగు, పక్కన ఆయన దస్తూరీతో లెక్కలు. కొంగులోని ఏనుగు పక్కన ఆ కాగితం పెట్టి ఫోటో తీశాం. మగ్గం ఫోటో, చేనేత కార్మికుడి గుర్తింపు కార్డు, ఆసు ముందు కూర్చున్న పెద్దమ్మ ఫోటో, అన్నీ పంపాం. వచ్చిన జవాబులో వీటిలో ఒక్కదాని ప్రస్తావన లేదు. "కొన్న బిల్లు గానీ, హక్కుదారు ఇచ్చిన అనుమతి పత్రం గానీ పంపగలరు" అని మాత్రమే ఉంది. ఆ హక్కుదారుకు మెయిల్ పెడితే జవాబు రాలేదు.

తెలిసిన వకీలును అడిగాను. ఆయన చెప్పింది విన్నాక బాధ ఇంకా ఎక్కువైంది. మన చట్టాలన్నీ పెద్దమ్మ వైపే ఉన్నాయి. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. దాని కింద పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే గుర్తింపు దక్కింది. ఆ పేరు ఆ ప్రాంతపు నేతగాళ్లందరిదీ. ఒకరు దాన్ని సొంతం చేసుకోవడానికి గానీ, మరొకరికి అమ్మడానికి గానీ వీల్లేదు. ఇక వాడిన వస్తువును తిరిగి అమ్ముకోవడం మీద కూడా ఆంక్ష లేదు. న్యాయంగా చేతికి వచ్చిన సరుకును, దాని స్థితి మార్చి చెడగొట్టకుండా, ఎవరైనా మళ్లీ అమ్ముకోవచ్చని ట్రేడ్ మార్క్స్ చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. ఆన్‌లైన్ అమ్మకాల మీద ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందినట్టు తెలపాలనీ, నెల రోజుల్లో పరిష్కరించాలనీ 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది.

మరి చట్టం ఇంత తేటగా ఉంటే చీర ఎందుకు తీసేశారు? వకీలు దానికీ జవాబు చెప్పారు. నకిలీ సరుకు ఉందని తెలియజేశాక కూడా దాన్ని అలాగే ఉంచితే వేదిక నడిపేవాళ్లకు ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ పోవచ్చు, కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. తీసేస్తే వాళ్లకు పోయేదేమీ లేదు. తొమ్మిది వేల చీర కోసం ఏ ముసలమ్మ కోర్టుకెళ్తుంది? అందుకే ఫిర్యాదు అందగానే ముందు తీసేస్తారు. నిజమా కాదా అన్నది తర్వాత. ఆ తర్వాత అన్నది చాలామందికి రానే రాదు. అమెరికాలోనూ ఇదే లోటు ఉంది. కాపీరైటు ఫిర్యాదుకు బదులు నోటీసు ఇచ్చుకునే పద్ధతి అక్కడ చట్టంలో ఉంది. నకిలీ బ్రాండు అన్న ఫిర్యాదుకు అలాంటి దారి చట్టం చూపలేదు. వేదిక దయ తలచాలి, లేదా కోర్టుకెక్కాలి.

నకిలీలను అడ్డుకోవద్దని నేను అనను. పోచంపల్లిని దెబ్బతీసినవాటిలో నకిలీలే ముందుంటాయి. రోజులకు రోజులు చేతులతో కట్టి ముంచిన డిజైనును మిల్లు గుడ్డ మీద గంటల్లో అద్ది, అదే పేరుతో, పదో వంతు ధరకు అమ్ముతున్నారు. వాటిని పట్టుకోవడానికి ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండి తీరాలి. నేను అడిగేది ఒక్కటే. ఆరోపించినవాడి మాట ఎంత శ్రద్ధగా విన్నారో, ఆరోపణ పడ్డవాళ్ల మాటా అంత శ్రద్ధగా వినాలి. ఇన్ని ఉత్తరాలు నడిచాయి, ఇన్ని పత్రాలు అడిగారు. ఒక్కరు, ఒక్కసారి కూడా చీర చూపించమని అడగలేదు. తిప్పి చూస్తే క్షణంలో తెలిసిపోయే విషయం అది.

వకీలు సలహా మీద ఫిర్యాదుల అధికారికి రాశాం. అందిందని వెంటనే జవాబు వచ్చింది. గడువు ముగియబోతుండగా పరిష్కారమూ వచ్చింది. "పరిశీలన పూర్తయింది. వస్తువు నకిలీ అని నిర్ధారించాం. మీ ఖాతా శాశ్వతంగా మూసివేయబడింది." మనవడి ఫీజు కోసం పెద్దమ్మ చెవికమ్మలు కుదువ పెట్టింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. డబ్బు గురించి ఆమె మళ్లీ ఎత్తలేదు. ఒకసారి మాత్రం, "నలుగుట్ల నకిలీది అన్నరు బిడ్డా. కూలి ఇయ్యకున్న ఓర్సుకున్నం గని ఈ మాట పడలె" అంది.

తర్వాత కొన్నాళ్లకు, బతుకమ్మ పండుగ ముందు, ఆఫీసులో నా సీటు పక్కనుండే అమ్మాయి కొత్త చీర తెచ్చి బల్ల మీద విప్పింది.

"అక్కా, మీ పెద్దమ్మ వాళ్లది పోచంపల్లే కదా. ఇది చూసి చెప్పండి. ఒరిజినల్ అని గ్యారంటీ ఇచ్చారు, పేరు పక్కన టిక్కు కూడా ఉంది. ఏడున్నర వేలు పెట్టాను."

నీలం ఒళ్లు, మెరూన్ అంచు, ఏనుగులు, చిలుకలు. దగ్గరికి తీసుకోకముందే తెలిసిపోయింది. ఏనుగు తొండం అంచు బ్లేడుతో కోసినట్టు ఉంది. కొంగు తిప్పాను. వెనక ఏనుగు లేదు, బూడిదరంగు నీడ ఉంది. చేతికి పట్టు తగల్లేదు, పాలిస్టర్ తగిలింది. ఆ పిల్ల మొహం చూసి ఏం చెప్పాలో తోచలేదు. నేను మాట్లాడకపోవడం చూసి ఆమే కంగారుపడింది.

"కాదక్కా, ఫోటోలో వెనకవైపు కూడా చూపించారు. రెండు వైపులా ఒకేలా ఉంది. అది చూసే కొన్నాను. చూడండి" అంటూ ఫోను తీసింది.

అదే యాప్. పైన దుకాణం పేరు, పక్కన టిక్కు. మా మీద ఫిర్యాదు చేసిన హక్కుదారు పేరే అది. కింద ఫోటో. గుమ్మం దగ్గరి వెలుతురు. సగం ముందువైపు, సగం వెనకవైపు తిప్పి పట్టిన కొంగు. ఆకుపచ్చ గాజులు, ఒక గాజుకు రెండు పిన్నీసులు. మడత మీద చూపుడు వేలు, వేలి మీద గాడి.

ఫోటో కింద రాసి ఉంది: "నూటికి నూరు శాతం అసలైనది. నకిలీలతో జాగ్రత్త."

మొత్తం అప్పుడర్థమైంది. మేం ప్రకటన పెట్టిన రాత్రే ఫోటో ఎత్తుకుపోయారు. చీర మా దగ్గర కనిపిస్తున్నంత కాలం వాళ్ల ప్రింటు చీరలకు ఆ ఫోటో వాడుకోలేరు. అందుకని ముందు మమ్మల్ని నకిలీ అని తీసేయించారు. పెద్దమ్మ చీరను వెళ్లగొట్టి, పెద్దమ్మ చేతిని సాక్ష్యంగా నిలబెట్టుకుని, ఎన్ని వందల ఇళ్లకు పాలిస్టర్ పంపారో.

ఆ ఆదివారమే ఊరికి వెళ్లి పెద్దమ్మకు చూపించాను. ఫోనును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చాలాసేపు చూసింది.

"ఇది నా చెయ్యే గద?"

"నీదే పెద్దమ్మా."

"మరి గీల్లు దీన్ని అసలుది అంటున్రా?"

"అంటున్నారు."

"రాయి బిడ్డా" అంది. "ఈసారి మంచిగ దొరికిన్రు. రాయి."

రాశాను. పెద్దమ్మ ఖాతా మూసేశారు కాబట్టి నా పేరు మీద రాశాను. మొదటి ప్రకటన తేదీ, దాన్ని తొలగించిన తేదీ, ఆ దుకాణం ఫోటో పెట్టిన తేదీ వరసగా ఇచ్చాను. నా ఫోనులో ఉన్న అసలు ఫోటోను, అది తీసిన రోజూ గంటా కనిపించేలా జతచేశాను. మా ఆఫీసు అమ్మాయి తన పాలిస్టర్ చీర వెనకవైపు ఫోటో ఇచ్చింది, కొన్న బిల్లూ ఇచ్చింది. చివరగా పెద్దమ్మను అదే గుమ్మం దగ్గర నిలబెట్టాను. అదే చీర, అదే మడత, అవే గాజులు, అవే పిన్నీసులు. ఈసారి చెయ్యి ఒక్కటే కాదు, మొహం కూడా పడేలా తీశాను. చూపుడు వేలి మీది గాడిని విడిగా, దగ్గరగా తీసి పంపాను. పెద్దనాన్న మగ్గం దిగి వచ్చి, పంపే ముందు ఒక్కొక్క ఫోటో చూసి తలూపాడు. ఇంతకన్నా ఆధారం ఏ కోర్టులోనూ ఎవరూ చూపించలేరనిపించింది.

48 గంటలు గడవకముందే జవాబు వచ్చింది. ఈసారి మనవడు కాదు, పెద్దమ్మ పక్కన కూర్చుని నేనే చదివాను.

"మీ ఫిర్యాదు అందింది. మీరు పేర్కొన్న ఫోటో మా ధ్రువీకృత అమ్మకందారు పేరు మీద నమోదై ఉంది. అందులో కనిపిస్తున్న చేయి మీవారిదేనని మీరు భావిస్తే, తగిన ఆధారం సమర్పించగలరు. జతచేయవలసిన పత్రం: కొన్న బిల్లు."